నాలుగు బోల్టులు, ఆరేళ్ళు: స్పేస్‌వాక్ ప్లానింగ్‌లో నా అనుభవం

ఇండియా వెళ్ళినప్పుడల్లా చుట్టాలింట్లో ఎవరో ఒకరు అడుగుతారు, "నువ్వు నాసాలో రాకెట్లు చేస్తావటగా?" అని. నేను రాకెట్లు చెయ్యలేదు. అసలు నాసా ఉద్యోగిని కూడా కాదు, హ్యూస్టన్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీ మనిషిని. ఆరేళ్ళపాటు నా జీతంలో ఎక్కువ భాగం ఒక మూత విప్పడం గురించి ఆలోచించినందుకే వచ్చింది. స్పేస్ స్టేషన్ బయట ఒక యంత్రం, దానిమీద నాలుగు బోల్టులతో బిగించిన మూత. ఒక ఆస్ట్రోనాట్ సూటు వేసుకొని బయటికొచ్చి (దాన్నే స్పేస్‌వాక్ అంటారు) ఆ మూత తీసి, లోపల కదలకుండా పెట్టిన లాక్ ఒకటి తీసేసి, మూత మళ్ళీ పెట్టెయ్యాలి. ప్లానులో దానికిచ్చిన టైము 35 నిమిషాలు. ఏ మిషన్, ఏ మూత అన్నది చెప్పను. ఆ పనిలో ఎన్నో చేతులు పడ్డాయి, నాది అందులో చిన్న చెయ్యి, ఊరికే నా ఖాతాలో వేసుకోవడం బాగోదు.

మాది గుడివాడ దగ్గర పల్లెటూరు. 1993లో ఎంఎస్‌కి టెక్సాస్ వచ్చాను, తర్వాత చాలాకాలం ఆయిల్ కంపెనీలకి పంపులు, వాల్వుల డిజైన్ చేశాను. గ్రీన్‌కార్డు లేకపోతే ఈ పనుల వైపు చూసే వీల్లేదు, ఎగుమతి చట్టాల వల్ల డ్రాయింగులు కూడా కళ్ళబడనివ్వరు. 2000లో కార్డు వచ్చింది, 2001 వేసవిలో ఈ ఉద్యోగం. ఇంటర్వ్యూలో ఫిజిక్స్ ఏమీ అడగలేదు. "బోల్టు పట్టేస్తే ఏం చేస్తావు?" అన్నారు. మా బాబాయికి ఊళ్ళో ట్రాక్టర్ మెకానిక్ షెడ్డుంది, నా వేసవి సెలవులన్నీ అక్కడే గ్రీజులో గడిచాయి కాబట్టి పట్టేసిన బోల్టు మీద నేను అరగంట మాట్లాడగలను, మాట్లాడాను కూడా. డీజిల్ పోసి రాత్రంతా వదిలెయ్యడం, చుట్టూ వేడి చెయ్యడం, విప్పేముందు ఒక్క పిసరు బిగించి చూడడం. ఆ చివరిది చెప్పినప్పుడు ఎదురుగా కూర్చున్నావిడ ఏదో రాసుకుంది. తర్వాత ఆవిడే మా లీడ్ అయింది.

అప్పటికి స్టేషన్ కట్టడం మొదలై రెండున్నరేళ్ళు దాటింది. 1998 నవంబర్ 20న కజకిస్తాన్‌లోని బైకనూర్ నుంచి రష్యా రాకెట్ మీద స్టేషన్ మొదటి ముక్క జార్యా వెళ్ళింది, డిసెంబర్‌లో షటిల్, అంటే మనుషుల్నీ సామాన్లనీ పైకి మోసుకెళ్ళి తిరిగొచ్చే నాసా వాహనం, రెండో ముక్క యూనిటీని తీసుకెళ్ళి దానికి తగిలించింది, జెర్రీ రాస్, జేమ్స్ న్యూమన్ మూడుసార్లు బయటికొచ్చి కేబుళ్ళవీ కలిపారు. నేను చేరిన జూలైలోనే క్వెస్ట్ ఎయిర్‌లాక్, అంటే స్టేషన్‌లో గాలి పోకుండా మనుషులు బయటికెళ్ళే గది, పైకెళ్ళింది. అప్పట్లో ఒక గ్రాఫు చాలాచోట్ల కనిపించేది. ఏ ఏడాది ఎన్ని గంటల స్పేస్‌వాక్ అన్నది కడ్డీలుగా గీసింది. పాత ఏళ్ళల్లో గడ్డిపరకల్లాంటి కడ్డీలు, స్టేషన్ కట్టే ఏళ్ళు వచ్చేసరికి ఉన్నట్టుండి గోడ లేస్తుంది. దాన్ని గోడ అనే పిలిచేవాళ్ళు. అదంతా ఎవరో ఒకరు నిమిషం నిమిషం రాయాలి కదా, ఆ రాసేవాళ్ళలో మేమూ ఉన్నాం.

నాకు మూత ఇచ్చారు. మొదటి రోజు నేను రాసింది ఒక్క లైను: నాలుగు బోల్టులు విప్పి మూత తీయాలి. లీడ్ ఆ కాగితం మీద ఎర్ర పెన్నుతో ప్రశ్నలు రాసి తిరిగిచ్చింది. ఎక్కడ నిలబడి విప్పుతారు? పాదాలు బిగించుకునే పలక, మేం ఫుట్ రెస్ట్రెయింట్ అంటాం, అది ఏ సాకెట్లో పెట్టాలి, ఏ కోణంలో తిప్పాలి, ఎవరు తెచ్చి పెడతారు? (పాదాలు బిగించుకోకుండా టూల్ నొక్కితే బోల్టు కాదు, మనిషి తిరుగుతాడు.) పిస్టల్ గ్రిప్ టూల్, అంటే పెద్ద డ్రిల్లింగ్ మెషీన్ లాంటిది, దాని టార్క్, అంటే తిప్పే బలం, ఎంత, ఎన్ని చుట్లు తిరిగితే బోల్టు వదిలినట్టు? చుట్ల లెక్క తక్కువొస్తే? ఎక్కువొస్తే? తీసిన మూత ఏ తాడుకి కడతారు, ఆ తాడు రెండో కొస అప్పటికే దేనికి కట్టి ఉంది? ఎందుకంటే అక్కడ కొత్త ముడి పడకుండా పాతది విప్పకూడదు, అది రూలు. చీకట్లో చేస్తున్నారా, వెలుతురులోనా? అక్కడ గంటన్నరకోసారి సూర్యోదయం. రెండో ఆస్ట్రోనాట్ ఆ టైములో ఎక్కడున్నాడు, ఇతని తాడు మీద కాదుగా?

ఒక లైను తొమ్మిది పేజీలైంది. అందులో అన్నీ సవ్యంగా జరిగితే చేసే పని రెండు పేజీలు, మిగతా ఏడూ జరక్కపోతే ఏం చెయ్యాలన్నది.

కాగితం అయ్యాక టెస్టులు ఉంటాయని తెలుసు, టెస్టులో పాసైతే పనైపోయినట్టే అనుకున్నాను. అప్పుడు లీడ్ కొత్తవాళ్ళందరికీ చెప్పే కథ నాకూ చెప్పింది. 1992 మేలో ఎండీవర్ అనే షటిల్ మొదటిసారి వెళ్ళింది, ఆ ప్రయాణం పేరు ఎస్‌టీఎస్-49 (షటిల్ ప్రయాణాలన్నిటికీ ఇలాంటి నంబర్లే). తప్పు కక్ష్యలో ఇరుక్కుపోయిన ఇంటెల్‌శాట్ ఉపగ్రహాన్ని పట్టుకొని, కొత్త మోటారు తగిలించి పంపాలి. పట్టుకోడానికి ప్రత్యేకంగా ఒక బార్ చేశారు. కింద నేలమీద సాధన చేసినప్పుడు అది బాగానే పనిచేసింది. పైకెళ్ళి బార్ ఆనించగానే 4 టన్నులకు పైనున్న ఆ ఉపగ్రహం మెల్లగా పక్కకి జరిగిపోయింది. రెండు రోజులు ప్రయత్నించారు, కుదరలేదు. కింద సాధనకి వాడిన బొమ్మకి ఎక్కడో ఒకచోట రాపిడి ఉంది, అది మనకి సాయం చేసింది, పైన ఆ రాపిడి లేదు. చివరికి ముగ్గురు ఒకేసారి బయటికొచ్చి, చుట్టూ నిలబడి చేతులతో పట్టుకున్నారు, ఆ రోజు స్పేస్‌వాక్ 8 గంటల 29 నిమిషాలు పట్టింది. ముగ్గురు ఒకేసారి బయటికి రావడం అదే మొదలు.

"ప్రతి టెస్టూ నీకు ఒక అబద్ధం చెబుతుంది," అంది ఆవిడ. "అది ఏ అబద్ధమో ముందే కనుక్కో. అదే నీ ఉద్యోగం."

నాకు ఈ మాట బాగా నచ్చింది, డైరీలో కూడా రాసుకున్నాను. రాసుకున్నంత మాత్రాన అర్థమైనట్టు కాదని తర్వాత తెలిసింది, ఆ సంగతికి వస్తాను.

అబద్ధాలు ఎలా ఉంటాయంటే, నున్నటి ఉక్కు నేల ఒకటి ఉంటుంది, వస్తువు కింద సన్నటి గాలిపొర పంపి దాన్ని తేలుస్తారు. తేలిన వస్తువుని వేలితో తోస్తే అలా పోతూనే ఉంటుంది, బరువైన వస్తువుని కదిలించడం తేలికే కాని ఆపడం ఎంత కష్టమో అక్కడ చేతికి తెలుస్తుంది. కాని అది నేలమీద మాత్రమే జారుతుంది, పైకీ కిందకీ పోదు. విమానం పైకి ఎగిసి కిందకి దూకేటప్పుడు నిజమైన శూన్య భారమే, కాని 25 సెకన్లు. ఆ 25 సెకన్లలో ఒక బోల్టు కూడా పూర్తిగా రాదు, కడుపులోది మాత్రం వస్తుంది. వాక్యూమ్ ఛాంబర్లో సూటు, ఎండ, చలి అన్నీ నిజమే, కాని మనిషి తన బరువుతో నిలబడే ఉంటాడు. కళ్ళకి తగిలించుకునే వీఆర్ ల్యాబులో స్టేషనంతా కనపడుతుంది, ముట్టుకుంటే చేతికి ఏమీ తగలదు. అన్నిటికంటే ఎక్కువసేపు, అన్నిటికంటే నిజంలా చేయగలిగేది నీళ్ళల్లో. అందుకే అందరూ నీళ్ళనే నమ్ముతారు.

నీళ్ళల్లోకి వెళ్ళాలంటే ముందు నాకు ఈత రావాలి. ఆస్ట్రోనాట్లని సూటుతో దింపేముందు మా లాంటి ఇంజినీర్లు స్కూబాతో, అంటే వీపున గాలి సిలిండరుతో దిగి, చెయ్యి అందుతుందా, మూలలో టూల్ పడుతుందా అని చూసుకుంటారు. దానికి మెడికల్, డైవింగ్ సర్టిఫికెట్, ఈత పరీక్ష. మా ఊళ్ళో కాలవలో నేర్చుకున్నాను నేను, నడుముకి ఎండిన సొరకాయ బుర్ర కట్టి మా పెదనాన్న కొడుకు తోసేస్తే. ఆ ఈతకి స్టైలేమీ ఉండదు, మునక్కుండా అవతలి ఒడ్డు చేరడమే. పరీక్ష పెట్టినాయన నన్ను చూసి "ఇది ఏ పద్ధతి?" అని అడిగాడు. కృష్ణా కాలవ పద్ధతి అని చెప్పలేక నవ్వాను. పాసయ్యాను. సైనస్ వల్ల చెవులు మాత్రం రెండు నెలలు ఏడిపించాయి, అది వేరే కథ.

ఆ కొలను గురించి చెప్పాలి. ఎల్లింగ్టన్ ఎయిర్‌ఫీల్డ్ దగ్గర, న్యూట్రల్ బాయన్సీ ల్యాబ్. 202 అడుగుల పొడవు, 102 అడుగుల వెడల్పు, 40 అడుగుల లోతు, 62 లక్షల గ్యాలన్ల నీళ్ళు. మన లెక్కలో రెండు కోట్ల ముప్ఫై లక్షల లీటర్లకు పైమాటే. ఇంతా చేసి స్టేషన్ మొత్తం అందులో పట్టదు, ముక్కలు ముక్కలుగా పక్కపక్కన పేర్చుకోవాలి. నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి, డైవర్లు గంటల తరబడి ఉండాలి కదా. మొదటిసారి గట్టుమీద నిలబడి చూస్తే అడుగున తెల్లటి గొట్టాలు, మాడ్యూళ్ళు, మునిగిపోయిన ఊరిలా ఉంది. నాకు పులిచింతల గుర్తొచ్చింది, అప్పటికింకా కట్టలేదు, మునిగిపోతుందన్న ఊళ్ళ గురించి పేపర్లో చదవడమే.

నా మొదటి స్కూబా రన్నులో (ఒక విడత సాధనని రన్ను అంటాం) నా మూత దగ్గరికి దిగాను. మాకప్ మూత, అసలుది కాదు, నీళ్ళు ఆగకుండా చిల్లుల రేకుతో చేసింది. రెంచితో మూడు బోల్టులు విప్పాను, నాలుగోది చేతిలోంచి జారి అడుగుకి పోయింది. ఒక డైవర్ మెల్లగా దిగి, తెచ్చి, నా అరచేతిలో పెట్టి బొటనవేలు చూపించాడు. నవ్వుకున్నాం. ఆ రోజు నోట్స్‌లో నేను చెయ్యి అందిందా, తల ఎక్కడ తగిలింది, వెలుతురు ఎటునుంచి వస్తోంది అన్నీ రాశాను. బోల్టు జారిన సంగతి రాయలేదు.

సూటు రన్ను అంటే సగం రోజు కాదు, రోజంతా. సూటు వేసి, ఒక స్టాండుకి తగిలించి, క్రేనుతో నీళ్ళల్లోకి దింపుతారు. తర్వాత డైవర్లు సూటు జేబుల్లో సీసం ముక్కలు, ఫోమ్ ముక్కలు అటూ ఇటూ మారుస్తూ, మనిషి పైకీ తేలక, కిందకీ మునగక, ఎలా వదిలితే అలాగే ఉండేట్టు చేస్తారు. ఒక్కో ఆస్ట్రోనాట్ చుట్టూ నలుగురు డైవర్లు, అందులో ఇద్దరు అతని ప్రాణం తప్ప ఇంకేమీ చూడరు. లోపల పీల్చేది నైట్రాక్స్, అంటే ఆక్సిజన్ ఎక్కువ కలిపిన గాలి, అందుకే ఆరు గంటలు ఉండగలరు. గ్లవ్స్ గాలి నింపి ఉంటాయి కాబట్టి వేళ్ళు మూసిన ప్రతిసారీ టెన్నిస్ బంతి నొక్కినట్టు ఉంటుంది. కొందరికి గోళ్ళు ఊడొస్తాయి. ఇంకోటి, సూటు తేలుతుంది కాని సూటు లోపల మనిషి తేలడు. తలకిందులుగా పని పెడితే బరువంతా భుజాల మీదకి జారుతుంది, రక్తం తలలోకి దిగుతుంది. భుజాలు పాడైనవాళ్ళున్నారు. అదీ నీళ్ళు చెప్పే అబద్ధాల్లో ఒకటి, పైన ఈ నొప్పి ఉండదు. నీళ్ళు చేతికి అడ్డం కూడా పడతాయి, దాంతో తోసిన వస్తువు దానంతటదే ఆగుతుంది. పైన ఆగదు.

నా మూతని మొదటిసారి సూటులో చేసిన ఆస్ట్రోనాట్‌కి 58 నిమిషాలు పట్టింది. నేను కంట్రోల్ రూములో గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను. బయటికొచ్చాక ఆవిడ తిట్టలేదు. "చెయ్యగలను. కాని ఇది అయ్యాక వేరే పనికి నా చేతులు మిగలవు," అంది. తప్పు నాదే, ఫుట్ రెస్ట్రెయింట్ నేను ఎంచుకున్న సాకెట్ నుంచి చూస్తే బోల్టులు ముఖానికి ఎదురుగా ఉంటాయి, చూడ్డానికి బాగుంటుంది. కాని సూటులో చేతులు బాగా పనిచేసేది ఛాతీ ముందు, ముఖం ముందు కాదు. డ్రాయింగు చూసేవాడికి కళ్ళే ఉంటాయి, భుజాలు ఉండవు. సాకెట్ మార్చాం, రెండోసారి 41 నిమిషాలు, మూడోసారి 33. 2002 డిసెంబర్ నాటికి మూత పాస్ అన్నారు. ఇంట్లో పాయసం చేసుకున్నాం, నిజంగానే.

టైమ్‌లైన్ మీటింగుల గురించి పెద్దగా చెప్పను, ఏ ఆఫీసులోనైనా మీటింగు మీటింగే. ఒక స్పేస్‌వాక్ అంటే ఆరున్నర గంటలు, ప్రతి గుంపుకీ అందులో వాటా కావాలి, అయిదు నిమిషాల కోసం చేలగట్టు తగాదాలా జరిగేది. ఆ గంటల వెనక ఎవరూ కదపలేనివి కొన్ని ఉంటాయి. సూటులో అత్యవసర ఆక్సిజన్ 30 నిమిషాలకే, కాబట్టి ఎక్కడున్నా ఆ టైములో ఎయిర్‌లాక్ చేరేట్టు చూడాలి. బయటికి రాకముందే రక్తంలో నైట్రోజన్ పోవడానికి గంటల తరబడి ఆక్సిజన్ పీల్చాలి, ఎందుకంటే సూటులో గాలి ఒత్తిడి చాలా తక్కువ, 4.3 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) మాత్రమే. ఎంత చిన్న వస్తువు ఎంత పెద్ద ప్లానుని పాడుచేస్తుందో మాకు 1996 గుర్తుండేది. ఎస్‌టీఎస్-80లో స్టేషన్ పనిముట్లు పరీక్షించడానికే రెండు స్పేస్‌వాక్‌లు పెట్టారు, తీరా చూస్తే ఎయిర్‌లాక్ తలుపు తెరుచుకోలేదు. ఒక చిన్న స్క్రూ ఊడి గేరులో ఇరుక్కుంది. రెండూ రద్దు.

ఇంత టైము ఎందుకు, 2007 నవంబర్లో చిరిగిన సోలార్ ప్యానెల్‌ని మూడు రోజుల్లో ప్లాన్ చేసి కుట్టేశారుగా అని తర్వాత ఒకరు నన్ను అడిగారు. నిజమే, స్కాట్ పరాజిన్‌స్కీ రోబో చేతి కొసన, ఇంకో కడ్డీ చివర నిలబడి, స్టేషన్‌లో దొరికిన తీగ, రేకులతో చేసిన అయిదు కఫ్‌లింకులు, చొక్కా చేతి గుండీల్లాంటివి, బిగించాడు. ప్యానెల్‌లో కరెంటు ఉంది కాబట్టి పనిముట్లకి టేపు చుట్టారు. ఆ మూడు రోజులు కింద ఎవరూ నిద్రపోలేదు. కాని ఆయన చెయ్యి ఎక్కడిదాకా అందుతుంది, సూటులో ఏది కష్టం అన్నది మూడు రోజుల్లో కనుక్కున్నది కాదు. ఏళ్ళ తరబడి మాలాంటి వాళ్ళు మూతల మీద పడి కొట్టుకుంటే వచ్చిన లెక్కలు అవి.

2003 ఫిబ్రవరి 1, శనివారం. పొద్దున్నే టీవీలో కొలంబియా షటిల్ దిగడం చూద్దామని కూర్చున్నాను. అది మా పని కాదు, స్టేషన్ మిషన్ కూడా కాదు, కాని కల్పనా చావ్లా ఉంది అందులో, హ్యూస్టన్‌లో మన ఇళ్ళల్లో చాలామంది ఆ పొద్దున టీవీ ముందున్నారు. ఆమె మొదటి ప్రయాణం, 1997 నవంబర్‌ది, మా ట్రైనింగులో పాఠం. స్పార్టన్ అనే ఉపగ్రహం అదుపు తప్పితే విన్‌స్టన్ స్కాట్, తకావో దోయి బయటికొచ్చి చేతులతో పట్టుకున్నారు, ఎస్‌టీఎస్-49లో నేర్చుకున్నది అక్కడ పనికొచ్చింది. కొలంబియా దిగలేదు, గాల్లోనే ముక్కలైంది. ఆ శనివారం మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది. "నువ్వు చేసిందేం కాదుగా నాన్నా?" అంది. "కాదమ్మా" అన్నాను. ఆ తర్వాత చాలాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

షటిళ్ళు ఆగిపోయాయి. నా మూత ఉన్న స్టేషన్ ముక్క ఫ్లోరిడాలో గుడ్డ కప్పుకొని పడుంది. స్టేషన్‌లో ఇద్దరే ఉన్నారు, 2004 ఫిబ్రవరిలో ఆ ఇద్దరూ, మైకేల్ ఫోల్, అలెగ్జాండర్ కలేరీ, ఒకేసారి బయటికొచ్చారు, లోపల ఒక్క మనిషి లేడు. తాళం వేసి పొలానికెళ్ళినట్టు. మా గ్రూపులో కొందరు వేరే ఉద్యోగాలు చూసుకున్నారు, నాకూ పాత ఆయిల్ కంపెనీ నుంచి పిలుపొచ్చింది, జీతం ఎక్కువ. వెళ్ళలేదు. గొప్ప కారణమేమీ లేదు, పిల్లాడి స్కూలు దగ్గర, అంతే. 2005 జూలైలో డిస్కవరీ షటిల్ వెళ్ళింది. కట్టే పని మళ్ళీ మొదలైంది మాత్రం 2006 సెప్టెంబర్లో, ఎస్‌టీఎస్-115తో.

సెప్టెంబర్ 12న ఆ మిషన్ మొదటి స్పేస్‌వాక్. నేను డ్యూటీలో లేను, ఆఫీసులో స్పీకర్ పెట్టుకొని వింటున్నాను. సోలార్ ప్యానెళ్ళని సూర్యుడి వైపు తిప్పే పెద్ద కీలు ఉంటుంది, దానికి వేసిన లాకుల మూతలు తీస్తున్నారు. ఒక బోల్టు, దాని స్ప్రింగు, వాషరు ఊడి తేలుతూ వెళ్ళిపోయాయి. స్పేస్‌వాక్ ఆగలేదు, పని పూర్తయింది, కాని కింద గంటలకొద్దీ ఒకటే ప్రశ్న, అది ఎటు పోయింది, ఆ కీలు పళ్ళల్లోకి పోలేదు కదా అని. మర్నాడు ఇంకో బోల్టు పోయింది.

నాకు చెమటలు పట్టాయి. నా మూత కూడా అదే రకం. బోల్టు మూతలోంచి పూర్తిగా ఊడిరాకుండా పట్టుకొనే ఏర్పాటు ఉంది, కింద స్ప్రింగు. ఆ ఏర్పాటు వదిలేస్తే స్ప్రింగు బోల్టుని బయటికి తంతుంది. కొలనులో మూడు రన్నులు, అన్నీ పాస్, ఎవరికీ అనుమానం రాలేదు. ఎందుకొస్తుంది? నీళ్ళల్లో బోల్టు జారితే అడుగుకి పోతుంది, డైవర్ తెచ్చిస్తాడు. 2002లో నా అరచేతిలో పెట్టి బొటనవేలు చూపించాడు కూడా. నీళ్ళు ఏ అబద్ధం చెబుతాయో లీడ్ చెప్పింది, నేను డైరీలో రాసుకున్నాను, అది కళ్ళముందే జరిగితే నవ్వుకొని పైకొచ్చాను.

ఆ వారాంతం ఊరికి ఫోన్ చేసినప్పుడు బాబాయికి ఈ గోలంతా చెప్పాను. ఆయన ఒక్క క్షణం ఆగి, "ఒరేయ్, పళ్ళెం పెట్టుకోలేదట్రా?" అన్నాడు. షెడ్డులో ఇంజను విప్పేటప్పుడు కింద పాత స్టీలు పళ్ళెం ఉండేది. విప్పిన ప్రతి నట్టూ అందులో పడాలి, నేల మీద పెడితే తల మీద మొట్టికాయ పడేది. స్పేస్‌లో పళ్ళెం పనికిరాదు కాబట్టి సంచి. మూత మీద ఒక గుడ్డ సంచి తొడిగి, పక్కనున్న సందులోంచి టూల్ దూర్చి విప్పడం, బోల్టు ఊడినా సంచిలోనే ఉంటుంది. ఆలోచన కొత్తదేమీ కాదు, మా గ్రూపులో అప్పటికే ఇద్దరు అదే అంటున్నారు, నేను మూడోవాణ్ణి.

సంచికి 10 నిమిషాలు కావాలి. 35 నిమిషాలు 45 అవుతుంది. దానికి ఎంత గొడవైందో! నా మూత బోల్టులు వేరే బ్యాచ్, ఊడవు, లెక్కలు చూడు అన్నారు. చూశాను, లెక్కలు బాగానే ఉన్నాయి, పోయిన ఆ బోల్టుల లెక్కలూ బాగానే ఉండి ఉంటాయి అన్నాను. మరి సంచి పనిచేస్తుందని ఎలా చూపిస్తావు అన్నారు, న్యాయమైన ప్రశ్నే. మొదట ల్యాబులో మూతని తలకిందులుగా బిగించి విప్పాం, ఊడిన బోల్టు కిందకి దూకేట్టు, అంటే భూమి ఆకర్షణని మనకి ఎదురుగా పెట్టుకున్నాం. తర్వాత మళ్ళీ కొలను. ఈసారి బోల్టుకి చిన్న ఫోమ్ ముక్క అంటించాం, మునక్కుండా, తేలకుండా, ఉన్నచోటే ఉండేట్టు. డైవర్ ఆ ముక్కని బ్లేడుతో చెక్కుతూ, నీళ్ళల్లో వదిలి చూస్తూ, మళ్ళీ చెక్కుతూ గంట కూర్చున్నాడు. చిన్నప్పుడు నా నడుముకి కట్టిన సొరకాయ బుర్ర, ఇప్పుడు బోల్టుకి. ఆ బోల్టు ఊడినప్పుడు మొదటిసారి అందరం చూశాం, అది అడుగుకి పోలేదు, ఆస్ట్రోనాట్ చెయ్యి కదిలినప్పుడు లేచిన నీటి కదలికకే పక్కకి జరిగి హెల్మెట్ వెనక్కి పోయింది. అతనికి కనపడనే లేదు. కంట్రోల్ రూములో ఎవరూ ఏమీ అనలేదు. సంచితో నాలుగుసార్లు చేశాం, నాలుగుసార్లూ సంచిలోనే. 8 నిమిషాలు ఇచ్చారు, 10 కాదు.

2007లో నా మూత పైకెళ్ళింది. స్పేస్‌వాక్ రోజు నేను వెనక గదిలో, ముందు వరుసలో కాదు, హెడ్‌సెట్ పెట్టుకొని కూర్చున్నాను. వాళ్ళు నా మూత దగ్గరికి వచ్చేసరికి బయటికొచ్చి మూడు గంటలైంది. చేతులు అలిసిపోయాయేమో, సూర్యాస్తమయం దగ్గర పడిందేమో అని లెక్కలేస్తున్నాను. లోపలినుంచి చదివేవాళ్ళ గొంతులో నేను రాసిన వాక్యాలు వినపడుతుంటే చాలా వింతగా ఉంటుంది, నా వాక్యం కొంచెం పొడుగైందని అప్పుడు తెలిసింది, చదివేటప్పుడు మధ్యలో ఊపిరి తీసుకున్నారు. మొదటి బోల్టు, చుట్ల లెక్క సరిపోయింది. రెండు. మూడోదానికి చుట్లు ఒకటి ఎక్కువొచ్చాయి, నా చెయ్యి తొమ్మిది పేజీల్లో ఆరో పేజీ మీదకి వెళ్ళింది, ఇంతలో "వదిలింది" అన్నారు. నాలుగు. మూత వచ్చింది, లాక్ వచ్చింది, మూత మళ్ళీ కూర్చుంది. 39 నిమిషాలు. పక్కనున్నతను నా భుజం తట్టి, తన పేజీ తిప్పుకున్నాడు, తర్వాతి పని అతనిది.

వాళ్ళు దిగొచ్చిన కొన్ని వారాలకి డీబ్రీఫ్, అంటే పైన ఏం జరిగిందో వాళ్ళు మాకు చెప్పే మీటింగు. ప్రతి పని గురించీ ఒక్కొక్క మాట చెప్పుకుంటూ పోతున్నారు. నా మూత దగ్గరికొచ్చేసరికి ఆ ఆస్ట్రోనాట్ కాగితం చూసి, బోల్టులు ఒక్కటీ ఊడలేదు, అన్నీ మూతలోనే ఉన్నాయి, సంచి మాత్రం చేతికి అడ్డం వచ్చింది, తీసేస్తే బాగుంటుంది అన్నాడు. నేను రాసుకున్నాను. తర్వాతి మిషన్‌లో అలాంటిదే ఇంకో మూత ఉంది, దాని ప్రొసీజరు అప్పటికే నా బల్ల మీద ఉంది. సంచి తియ్యలేదు. చేతికి అడ్డం వచ్చిన అంచుని రెండంగుళాలు తగ్గించి మళ్ళీ కొలనుకి పంపాను.